అందరికీ నచ్చేదాకా ఆగితే ఆదివారం డ్యూటీ తేలదు

ప్రశ్న: మాది గుంటూరులో ఒక డయాగ్నస్టిక్ సెంటర్ అండి. నేను ల్యాబ్ ఇన్‌చార్జిని, నాతో కలిపి 11 మందిమి. ఇళ్ళకెళ్ళి బ్లడ్ తీసుకొచ్చేవాళ్ళు నలుగురు, టెక్నీషియన్లు ముగ్గురు, రిసెప్షన్‌లో ఇద్దరు, ఒక హెల్పర్. మా డాక్టర్ మేడమ్ ఈమధ్య ఏదో ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చి, ఇకమీదట డ్యూటీల సంగతి నేను చెప్పను, ఓట్లు కూడా వద్దు, మీరంతా కూర్చుని ఒప్పుదల మీద తేల్చుకోండి అన్నారు. వినడానికి బానే ఉంది. కానీ ఆదివారం పొద్దున 5:30 నుంచి హోమ్ కలెక్షన్ మొదలెట్టాలన్న ఒక్క విషయం మీదే మీటింగుల మీద మీటింగులు అవుతున్నాయి, ఏమీ తేలట్లేదు. మా సీనియర్ టెక్నీషియన్ గారు దేనికైనా వద్దనే అంటారు. ఆదివారం మెషిన్ల దగ్గర ఉండేది ఆయనొక్కరే, 8కి వస్తారు, "అంత పొద్దున తెచ్చి పెడితే ఎవరు చూస్తారు" అని ఎప్పుడూ అదే పాట. కలెక్షన్ పిల్లలేమో "మీ ఇష్టం మేడమ్" అని తలూపేస్తారు, తర్వాత టీ దగ్గర నన్నే తిట్టుకుంటున్నారని తెలిసింది. ఓటింగ్ పెడితే ఆరుగురు ఒప్పుకుంటారు, మెజారిటీ వచ్చేస్తుంది. పెట్టేయనా? లేకపోతే మేడమ్‌నే ఆర్డర్ వేసేయమని అడగనా? ఈ ఒప్పుదల పద్ధతి మనలాంటి చోట అసలు నడుస్తుందా?

జవాబు: ఓటింగ్ మాత్రం పెట్టకండి. ఆ మాట ముందే చెప్పేసి మిగతాది మెల్లగా మాట్లాడుకుందాం. మీరు రాసిన లెక్కే మళ్ళీ ఒకసారి చూడండి, 11 మందిలో ఆదివారం చీకట్నే లేచి బండేసుకుని ఇళ్ళ వెంట తిరగాల్సింది ఆ నలుగురు, వాళ్ళు తెచ్చినవి అందుకోవాల్సింది మీ సీనియర్ గారు, అంటే ఈ పని పడేది ఐదుగురి నెత్తిన. ఒప్పుకుంటారని మీరంటున్న ఆరుగురూ ఆ రోజు ఇంట్లో ఉండేవాళ్ళు, అందులో మీరూ ఒకరు. వెళ్ళక్కర్లేనివాళ్ళు చేతులెత్తి వెళ్ళాల్సినవాళ్ళని పంపించడం అవుతుంది అది. 6కి 5తో గెలుస్తారు సరే, ఆ తర్వాత పని చెయ్యాల్సింది ఓడిపోయిన ఐదుగురే కదా, రెండో ఆదివారానికి ఒకళ్ళకి జ్వరం, మూడో ఆదివారానికి ఇంకొకళ్ళ బండి పంక్చరు, పేషెంట్లేమో ఏమీ తినకుండా కూర్చుని రిసెప్షన్‌కి ఫోన్ల మీద ఫోన్లు. మేడమ్ ఆర్డర్ వేస్తే పని నడుస్తుంది, కాదనను, కానీ సీనియర్ గారు అడుగుతున్న ప్రశ్నకి ఆ ఆర్డర్‌లో జవాబు ఉండదు. ఆ ప్రశ్న చాలా మంచి ప్రశ్న అండి.

మీరు దాన్ని అదే పాట అని రాశారు. ఆ పాట ఒకసారి విందాం. రక్తం ట్యూబులోకి వచ్చాక కూడా అందులో కణాలు బతికే ఉంటాయి, గ్లూకోజ్‌ని వాడేసుకుంటూనే ఉంటాయి, మామూలు గది వేడిలో గంటకి 5 నుంచి 7 శాతం దాకా షుగర్ పడిపోతుంది, ఇది మీకు నాకంటే బాగా తెలుసు. బూడిదరంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ ఉంటుంది కాబట్టి కొంత ఆగుతుంది గానీ మొదటి గంటా రెండు గంటలు అది కూడా పూర్తిగా ఆపలేదు. మిగతా ట్యూబుల్ని రెండు గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌లో, అంటే గిర్రున తిప్పే మెషిన్‌లో తిప్పి, కణాల నుంచి సీరం వేరు చెయ్యాలి. ఇప్పుడు మీ ప్లాన్ చూడండి, 5:30కి తీసిన శాంపిల్, 8కి వచ్చే టెక్నీషియన్, ఆయన మెషిన్ ఆన్ చేసి, అది సరిగ్గా చూపిస్తోందో లేదో చూసే కంట్రోల్స్ వేసి చేతిలోకి తీసుకునేసరికి ఎనిమిదిన్నర, అంటే మూడు గంటలు. ఏమీ తినకుండా చూసే ఫాస్టింగ్ షుగర్ 126కి వస్తే షుగర్ జబ్బు అని చెప్పే చోట, నిజంగా 135 ఉన్న మనిషికి తిప్పని మామూలు ట్యూబులోంచి 115 వచ్చిందనుకోండి, ఆయన హాయిగా ఇంటికెళ్ళి స్వీట్లు తింటాడు. "ఎవరు చూస్తారు" అన్న మూడు పదాల్లోపు మాటలో ఇదంతా ఉంది. ఆయన మొహం చిట్లించుకుని చెప్పారేమో, విసుగ్గా చెప్పారేమో, ఏదైనా చెప్పింది మాత్రం పనికొచ్చే మాటే, మీ 11 మందిలో దాన్ని గమనించింది ఆయనొక్కరే.

అందుకే నేననేది, మీ దగ్గర జరిగిన మీటింగుల్లో మీరు అడుగుతున్న ప్రశ్నే సరిగ్గా లేదు. "అందరికీ ఓకేనా?" అని అడుగుతున్నారు. ఆదివారం పొద్దున 5:30కి లేవడం ఎవరికి ఓకే అవుతుంది చెప్పండి, నాకైతే కాదు. ఇంట్లో రోజూ అందరికీ ఇష్టమైన కూరే వండాలంటే పొయ్యి వెలగదు, వంకాయ తింటే దురదలొచ్చేవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని కనుక్కుంటే సరిపోతుంది, మిగతావాళ్ళు ఇవాళ్టికి సర్దుకుంటారు. ఒప్పుదల పద్ధతిలో అడగాల్సింది కూడా అలాంటి ప్రశ్నే: "దీన్ని ఇలాగే మొదలెడితే మన పని చెడుతుందని గానీ, ఇది నావల్ల అయ్యే పని కాదని గానీ ఎవరికైనా ఉందా? ఉంటే ఏంటది?" నచ్చిందా అన్నదానికి పదకొండు రకాల జవాబులొస్తాయి, దీనికి రెండో మూడో వస్తాయి, ఆ రెండు మూడింటి మీద కూర్చుని పని చెయ్యొచ్చు.

మేడమ్ విని వచ్చిన పద్ధతి కొత్తదేం కాదు, దాని కథ కొంచెం చెప్తాను, ఎందుకంటే ఇది పెద్ద పెద్ద ఐటీ ఆఫీసుల ఫ్యాషన్ అనుకుని మీ టీమ్ దూరం పెట్టే ప్రమాదం ఉంది. నెదర్లాండ్స్‌లో కేస్ బూకె అనే ఆయన 1926లో బిల్ట్‌హోవెన్ అనే ఊళ్ళో ఒక బడి పెట్టారు, ఆయన క్వేకర్ అనే క్రైస్తవ శాఖకి చెందినవారు, క్వేకర్ల సభల్లో ఓట్లుండవు, అందరూ కూర్చుని విని విని ఒక మాట మీదకి వస్తారు. ఆ బడిలో కూడా పిల్లలూ టీచర్లూ కలిసి కూర్చునే నియమాలు తేల్చుకునేవాళ్ళు. అక్కడ చదువుకున్న గెరార్డ్ ఎండెన్‌బర్గ్ ఎలక్ట్రికల్ ఇంజనీరు అయ్యి, రోటర్‌డామ్‌లో వాళ్ళ కుటుంబానిదే అయిన ఎలక్ట్రికల్ కంపెనీని 1960ల చివర్లో చేతిలోకి తీసుకుని, బడిలో చూసింది వర్క్‌షాపులో నడుస్తుందా అని 1970ల్లో ప్రయత్నించి చూశారు. బడిలో అందరూ ఒకళ్ళనొకళ్ళు ఎరిగినవాళ్ళు, బోలెడు టైమ్ ఉంటుంది, కంపెనీలో అలా కుదరదు కదా, అందుకని ఆయన అందరూ ఒకే అభిప్రాయానికి రావాలన్నది పక్కనపెట్టి, తగిన కారణంతో ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే ముందుకెళ్దాం అన్నదాన్ని పట్టుకున్నారు. కరెంటు మనిషి కదా, వైరింగ్‌లో ఒక్క చోట లోడు తట్టుకోలేకపోయినా మొత్తం పోతుంది, ఆ చోటు ఎక్కడుందో ముందే తెలిస్తే సరిచేసుకోవచ్చు, మనుషుల అభ్యంతరాన్ని కూడా ఆయన అలాగే చూశారు.

అక్కడే జరిగిన ఒక సంగతి మీ టీమ్‌కి చెప్పండి. 1970ల మధ్యలో రోటర్‌డామ్ చుట్టుపక్కల ఓడలు కట్టే పనులు పడిపోయాయి, ఆ కంపెనీకి షిప్‌యార్డ్ నుంచి వచ్చే పని ఆగిపోయింది, ఆ విభాగంలో మనుషుల్ని తీసేయడం తప్ప దారి లేదు అనుకున్నారు. అప్పుడొక ఫిట్టర్ తన గ్రూపుని అత్యవసరంగా కూర్చోబెట్టమని అడిగి, కొన్ని వారాలు తీసివేతలు ఆపండి, పని లేకుండా కూర్చున్న మేమంతా సూట్లేసుకుని బయటకెళ్ళి ఆర్డర్లు వెతుకుతాం అన్నాడు. అది పై గ్రూపుకి, అక్కడినుంచి ఇంకా పైకి వెళ్ళింది, ప్రతి చోటా అతనే వెళ్ళి స్వయంగా చెప్పుకునే వీలు ఉంది, ఒప్పుకున్నారు, ఆర్డర్లు వచ్చాయి, చాలామంది ఉద్యోగాలు నిలిచాయి. మామూలు కంపెనీలో ఫిట్టర్‌కి ఆ ఆలోచన రాదని కాదు, వచ్చినా అది యజమాని గది దాకా వెళ్ళే దారి ఉండదు. ఆ దారి కోసం ఎండెన్‌బర్గ్ పెట్టిన ఏర్పాటేంటంటే, కింది గ్రూపు నుంచి పై గ్రూపుకి ఇద్దరు వెళ్తారు, ఒకరు ఇన్‌చార్జి, ఇంకొకరు ఆ గ్రూపువాళ్ళే ఎంచుకున్న మనిషి. మీ విషయంలో కూడా మేడమ్‌తో నెలవారీ మాటలకి మీరొక్కరే వెళ్తుంటే, ఇకనుంచి కలెక్షన్ నలుగురిలో ఒకళ్ళని వాళ్ళనే ఎంచుకోమని వెంటబెట్టుకెళ్ళండి. మీరు పైన ఏం చెప్పారో, ఆవిడ ఏమన్నారో వాళ్ళ మనిషే విని వచ్చి చెప్తే టీ దగ్గర మాటలు సగం తగ్గుతాయి.

ఇక ఆ "మీ ఇష్టం మేడమ్" సంగతి, నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే బాధనిపించింది ఇదే. మనకి చిన్నప్పటినుంచీ పెద్దవాళ్ళ ముందు ఎదురు చెప్పకూడదని నేర్పిస్తారు, పైగా మౌనం అర్ధాంగీకారం అని ఒక సామెత కూడా పెట్టుకున్నాం. ఊళ్ళో సర్పంచ్ ఎన్నిక ఏకగ్రీవం అయిందంటే ప్రభుత్వం ప్రోత్సాహకం డబ్బులిస్తుంది, ఊరంతా ఒక్కమాట మీద ఉందని చెప్పుకుంటాం, నిజంగా కలిసి అనుకున్న ఊళ్ళూ ఉన్నాయి, నామినేషన్ వెయ్యబోయినవాణ్ణి రాత్రికి రాత్రి కూర్చోబెట్టి నోరు మూయించిన ఊళ్ళూ ఉన్నాయి, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మీ మీటింగ్‌లో తలలూపడం ఈ రెండింటిలో ఏదో మీకిప్పుడు తెలీదు. వాళ్ళ డ్యూటీ వేసేది మీరు, సెలవు చీటీ మీద సంతకం మీది, ఇంక్రిమెంట్ అప్పుడు మేడమ్ అడిగేది మిమ్మల్ని, అలాంటప్పుడు మీరు ముందు మాట్లాడి "నాకైతే ఇదే బాగుందనిపిస్తోంది, మీరేమంటారు" అంటే 22 ఏళ్ళ పిల్ల ఏమంటుందండీ.

కాబట్టి కూర్చునే తీరు మార్చండి. గుండ్రంగా కూర్చోండి, మీ టేబుల్ వెనక మీరు, ఎదురుగా వాళ్ళు నిలబడి ఉండటం వద్దు. ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు మాట్లాడాలి, మధ్యలో ఎవరూ అందుకోకూడదు, అన్నయ్యా అది కాదు అని కూడా అనకూడదు, అందరి వంతూ అయ్యేదాకా ఆగాలి. అందరికంటే చిన్న ఉద్యోగం వాళ్ళతో మొదలెట్టండి, మీ హెల్పర్ బాబు, తర్వాత కలెక్షన్ పిల్లలు, రిసెప్షన్, టెక్నీషియన్లు, అందరికంటే చివర మీరు. మొదటి రౌండ్‌లో అభిప్రాయాలు వద్దు, ప్లాన్ అర్థమైందా, ఏమైనా అడగాలా అంతే. రెండో రౌండ్‌లో ఏమనిపిస్తోందో చెప్పాలి. మూడో రౌండ్‌లోనే అభ్యంతరాలు. మొదట్లో ఇది స్కూల్లో అటెండెన్స్ లాగా కృత్రిమంగా ఉంటుంది, కొంతమంది నవ్వుతారు కూడా, నవ్వనివ్వండి. ఎక్కువ మాట్లాడేవాళ్ళకి ఇది పరీక్ష, తక్కువ మాట్లాడేవాళ్ళకి ఆ రెండు నిమిషాలూ మీటింగ్ మొత్తంలో వాళ్ళ పేరు మీద ఉన్న టైమ్, దాన్ని ఎవరూ లాక్కోలేరు.

"మీ ఇష్టం" అన్న జవాబు తీసుకోకండి, కోప్పడకుండా తీసుకోకండి. ఇలా జరగొచ్చు, ఊహించి చెప్తున్నా:

"నాకేం లేదు మేడమ్, మీ ఇష్టం."

"నా ఇష్టం సంగతి చివర్లో చెప్తాలే. ఈ ఆదివారం నీ వంతే అనుకో, నాలుగున్నరకి అలారం మోగింది. అక్కడినుంచి మొదటి పేషెంట్ ఇంటి దాకా ఏమవుతుందో చెప్పు."

"అంటే... మా వీధిలో ఆ టైమ్‌కి ఆటోలుండవు మేడమ్. బండి తమ్ముడు తీసుకెళ్ళిపోతాడు. నాన్న దింపాలి, నాన్నకి శనివారం నైట్ డ్యూటీ, ఆరింటికి గానీ రాడు."

చూశారా, "ఏమైనా అభ్యంతరమా" అంటే ఆ పిల్ల చచ్చినా చెప్పదు, అభ్యంతరం అంటే పెద్దమాట, ఎదిరించినట్టుంటుంది. పొద్దున ఏమవుతుందో చెప్పమంటే చెప్తుంది. ఇది ఆవిడ సొంత విషయం కదా, ల్యాబ్ పనికేం సంబంధం అని కొందరు అంటారు, వాళ్ళతో నేను ఒప్పుకోను. 5:30కి ఆ అమ్మాయి పేషెంట్ ఇంటి ముందు ఉండలేకపోతే అది ల్యాబ్ సమస్యే, చీకట్లో ఒంటరిగా తెలియని అపార్ట్‌మెంట్లకి వెళ్ళాల్సి రావడం అంతకన్నా పెద్ద సమస్య, దానికి సమాధానం చెప్పాల్సింది సంస్థే. ఆదివారం సినిమాకెళ్తాను అన్నది వేరే సంగతి, అది ఇష్టం, దాన్ని విని వీలైతే సర్దండి, లేకపోతే లేదు, దానికోసం ప్లాన్ ఆగక్కర్లేదు. ఏది ఇష్టమో ఏది అభ్యంతరమో తేల్చేది కూడా మీరొక్కరే కాకూడదు, ఆ ప్రశ్న మళ్ళీ రౌండ్‌లో పెట్టండి.

ఇప్పుడు, అభ్యంతరం వచ్చాక ఏం చెయ్యాలన్నదే అసలు పని, చాలామంది ఇక్కడే ఆగిపోయి "అయితే కుదరదన్నమాట" అని లేచి వెళ్ళిపోతారు. మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికన్ ఆవిడ, మేనేజ్‌మెంట్ గురించి బాగా ముందుచూపుతో ఆలోచించిన మనిషి, 1925లో ఒక ప్రసంగంలో తన సంగతే చెప్పారు. హార్వర్డ్ లైబ్రరీలో చిన్న గదిలో ఇద్దరున్నారు, ఒకరు కిటికీ తెరవాలంటారు, ఈవిడ మూసి ఉండాలంటారు. ఓటు పెడితే ఒకటీ ఒకటీ, సగం తెరిస్తే ఇద్దరికీ సుఖం లేదు. పక్క గదిలో ఎవరూ లేరు, ఆ గది కిటికీ తెరిచారు, అంతే. అవతలాయనకి కావాల్సింది గదిలోకి గాలి రావడం, ఈవిడకి కావాల్సింది ఆ ఉత్తరపు గాలి తన మీద నేరుగా కొట్టకపోవడం, ఇద్దరి మాటా పూర్తిగా నిలిచింది. మీ విషయంలో పక్క గది కిటికీలు చాలానే ఉన్నాయి. 5:30 అనే టైమ్ ఎక్కడినుంచి వచ్చింది? పేషెంట్లు అడిగారా, లేక పక్క ల్యాబ్ బోర్డు మీద ఉందనా? 6:30కి మొదలెట్టి మొదటి బాక్స్ 7:30కి ల్యాబ్‌కి చేరేలా రూట్ వేస్తే ఎంతమంది పేషెంట్లు పోతారు, ఇది రిసెప్షన్ ఇద్దరినీ అడగండి, ఫోన్లెత్తేది వాళ్ళే కాబట్టి వాళ్ళకి తెలుస్తుంది. కలెక్షన్ నలుగురిలో డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చేసినవాళ్ళుంటే ఆ రోజు వాళ్ళలో ఒకరు ముందే తిరిగొచ్చి సెంట్రిఫ్యూజ్ తిప్పి పెట్టొచ్చేమో. సీనియర్ గారు ఆదివారం 7కి వచ్చి మధ్యాహ్నం ఒక గంట ముందు వెళ్ళిపోతే ఆయనకి కుదురుతుందేమో. ఆ అమ్మాయికి ఆదివారం రెండో ట్రిప్ ఇవ్వొచ్చేమో. ఇవేవీ నేను తేల్చేవి కాదు, ఆ గదిలో కూర్చున్నవాళ్ళకి నాకంటే పదింతలు మంచి ఉపాయాలు వస్తాయి. అభ్యంతరం చెప్పినవాళ్ళనే "అయితే నువ్వే చెప్పు ఏం చెయ్యాలో" అని నిలదియ్యకండి, అలా అడిగితే ఇంకెప్పుడూ చెప్పరు, అది చెప్పిన క్షణం నుంచి అందరి పని.

సీనియర్ గారి గురించి ఇంకొంచెం. ఒక్కరు వద్దంటే అన్నీ ఆగిపోవడం ఒప్పుదల పద్ధతి కాదు, దీనికి చరిత్రలో చేదు ఉదాహరణ ఉంది, పోలండ్ పార్లమెంటులో ఒక్క సభ్యుడు లేచి నేనొప్పుకోను అంటే చాలు, ఆ సమావేశాల్లో అప్పటిదాకా చేసిన చట్టాలన్నీ పోయేవి. 1652లో మొదలైన ఆ అలవాటుని 1791 రాజ్యాంగంలో తీసేసేసరికి దేశంలో దాదాపు మూడో వంతు చేతులు దాటిపోయింది, పక్క రాజ్యాలవాళ్ళు ఎవరో ఒక సభ్యుడికి డబ్బిచ్చి పని ఆపించుకునేవాళ్ళు. మీ ల్యాబ్‌లో ఎవరికీ ఆ హక్కు లేదు. వద్దు అంటే కారణం చెప్పాలి, కారణం పనికి సంబంధించినది అయ్యుండాలి, దాన్ని సరిచెయ్యడానికి వేసే మార్పులు వినడానికి కూర్చోవాలి, ఇంతవరకూ ఆయన బాధ్యత. ఇదే మాట ఆయనకి మీటింగ్‌లో అందరి ముందూ చెప్పకండి, ముందురోజు విడిగా కలిసి, "సార్, మీరన్న శాంపిల్ ఆలస్యం సంగతి నిజమే, రేపు అందరికీ ఆ లెక్క మీరే వివరించండి, కొత్త పిల్లలకి ఇది తెలీదు" అనండి. వయసులో, అనుభవంలో పెద్దాయన, ఇన్నాళ్ళూ ఆయన మాటని పాట అనుకున్నారు, అది ఆయనకి తెలియకుండా ఉండదు. దేనికైనా వద్దనేవాళ్ళలో చాలామంది తమ మాట ఎప్పుడూ ఎవరూ రాసుకోలేదన్న కోపంతోనే వద్దంటుంటారు. అయినా మారకపోతే అప్పుడు పైన చెప్పిన రూల్ ఉంది, కారణం లేని వద్దుని రాసుకుని ముందుకెళ్ళిపోవచ్చు.

అన్నిటికంటే ఎక్కువ ముడులు విప్పేది గడువు పెట్టుకోవడం. ఆదివారం హోమ్ కలెక్షన్ ఇక ఎప్పటికీ ఇలాగే అంటే ఎవరైనా బిగుసుకుంటారు, ఇలా ఆరు ఆదివారాలు చేసి చూద్దాం, ఆరోదాని తర్వాత మంగళవారం మళ్ళీ కూర్చుందాం అంటే అదే మనిషి సరే చూద్దాం అంటాడు. ఆ తేదీ క్యాలెండర్ మీద గుండ్రం చుట్టండి, ఏం చూసి మంచీచెడూ చెప్తామో కూడా అప్పుడే రాసుకోండి, శాంపిల్ తీసిన టైమ్, సెంట్రిఫ్యూజ్‌లో పెట్టిన టైమ్, హెమొలైజ్ అయ్యి, అంటే రక్తకణాలు పగిలిపోయి, మళ్ళీ తీయాల్సి వచ్చినవి ఎన్ని, ఎవరికెన్ని ఆదివారాలు పడ్డాయి. ఇవన్నీ మీ రిజిస్టర్‌లో ఎలాగూ ఉండేవే. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తున్నా, ఆ తేదీకి నిజంగా కూర్చోండి, పేషెంట్ల రద్దీ అని వాయిదా వేశారా, ఇంకెప్పుడూ ట్రయల్ అన్న మాట మీ దగ్గర ఎవరూ నమ్మరు.

వాట్సాప్ గ్రూపులో ప్లాన్ పెట్టి థంబ్స్ అప్‌లు లెక్కపెట్టడం ఒప్పుదల అనుకోకండి. ఇన్‌చార్జి మెసేజ్‌కి అందరూ బొటనవేలు పెడతారు, చదవకుండా కూడా పెడతారు. అనుకున్నది రాసి అందరికీ తెలియజెయ్యడానికి గ్రూపు మంచిదే, అనుకోవడానికి మాత్రం ఎదురెదురుగా కూర్చోవాల్సిందే.

ఇంకో జాగ్రత్త, ప్రతిదీ ఈ పద్ధతిలోకి తోసెయ్యకండి, నెల తిరక్కుండా అందరికీ మీటింగంటే విసుగొస్తుంది. బయోమెడికల్ వేస్ట్ పసుపు సంచిలోనా ఎర్ర సంచిలోనా, సూదులు తెల్ల డబ్బాలోనేనా అన్నది 2016 రూల్స్‌లో ఉంది, దాని మీద ఎవరి ఒప్పుదలా అక్కర్లేదు. ఏ టీ కొట్టు నుంచి టీ తెప్పించాలి, ప్రింటర్ పేపర్ ఏ కంపెనీది, ఇలాంటివి ఎవరు చూసుకుంటారో ఆ మనిషిని మాత్రం ఒప్పుదలతో ఎంచుకుని, ఆ తర్వాత వాళ్ళకి వదిలెయ్యండి. డ్యూటీలు, సెలవులు, కొత్త పనివేళలు, ఒకళ్ళ పని ఇంకొకళ్ళ మీద పడేవి, ఇవి మాత్రం కూర్చుని తేల్చుకోవాలి, ఎందుకంటే అక్కడ ఎవరు ఒప్పుకోకపోయినా పని ఏదో ఒక చోట ఆగుతుంది.

మీటింగ్ పెట్టేముందు మేడమ్ దగ్గరకెళ్ళి రెండు విషయాలు స్పష్టంగా అడగండి. ఆదివారం వచ్చేవాళ్ళకి ఎక్స్‌ట్రా ఇస్తారా, పెట్రోల్ ఎంత, బదులు సెలవు ఉంటుందా, అంటే డబ్బు హద్దు ఎక్కడిదాకా. అది తెలియకుండా 11 మంది గంటన్నర మాట్లాడుకుని తర్వాత ఆవిడ బడ్జెట్ లేదంటే ఆ గంటన్నరతో పాటు నమ్మకం కూడా పోతుంది. రెండోది, ఫలానా తేదీలోపు మాకు తేలకపోతే అప్పుడు ఆవిడే నిర్ణయం తీసుకుంటారా అని. ఇది ముందే అందరికీ తెలిసి ఉండాలి. ఇంకా అభ్యంతరం చెప్పినందుకు ఎవరి మీదా ఏ మచ్చా పడదని ఆవిడ నోటితో ఆవిడే వచ్చి రెండు నిమిషాలు చెప్పి వెళ్ళిపోతే మంచిది, ఆ మాట మీరు చెప్తే సరిపోదు. చెప్పాక ఆవిడ ఆ గదిలో కూర్చోకూడదు.

మనలాంటి చోట నడుస్తుందా అని అడిగారు. నడుస్తుందనే నా నమ్మకం, పొదుపు సంఘాల్లో అక్కలు ఈ నెల లోన్ ఎవరికి అవసరమో కూర్చుని మాట్లాడుకుని తేల్చుకోవడం మన ఊళ్ళల్లో ఎన్నో ఏళ్ళుగా ఉన్నదే. మీ టీమ్‌లో ఎవరి అమ్మో అత్తో ఆ సంఘంలో ఉండే ఉంటుంది. మొదటి మీటింగ్ నడిపేది మాత్రం మీరు కాకపోతే బాగుంటుంది, రిసెప్షన్‌లో ఇద్దరిలో ఒకళ్ళకి ఇవ్వండి, ఆదివారం డ్యూటీ పడనివాళ్ళు, అందరితో మాట్లాడే అలవాటున్నవాళ్ళు. మీరు రాసుకోండి. ఎవరు ఏ అభ్యంతరం చెప్పారో వాళ్ళ మాటల్లోనే రాసి, చివర్లో చదివి వినిపించి, "నేను రాసింది నువ్వన్నదేనా" అని పేరు పెట్టి అడగండి. గంటకి మించనివ్వకండి, తేలకపోతే ఎక్కడ ఆగారో రాసుకుని రెండు రోజుల్లో మళ్ళీ కూర్చోండి.

సంక్రాంతి డ్యూటీల లిస్టు ఈ మీటింగ్‌లో కలపకండి. ఆరు ఆదివారాలు అయ్యాక దాన్ని వేరేగా పెట్టుకోండి, అప్పుడు కూడా పేర్లు రాసిన కాగితం పట్టుకుని వెళ్ళొద్దు, భోగికి ఎవరెవరు ఊళ్ళో ఉండి తీరాలో ముందు ఒక రౌండ్ తిప్పి, ఆ తర్వాతే కాగితం తియ్యండి.